సర్వమత సమావేశాల్లో కుర్రాళ్ళకి బొకేలు అందించే పనేనా?

పెందుర్తి_కుర్రోడు | జనవరి 18, సాయంత్రం 6.10

ఫిబ్రవరి మొదటి వారం వచ్చేస్తోంది. ఐక్యరాజ్యసమితి ఆ వారాన్ని సర్వమత సామరస్య వారంగా 2010లో ప్రకటించింది. జోర్డాన్ రాజు రెండో అబ్దుల్లా ప్రతిపాదించారట. మా కాలేజీలో కూడా ఏదో ఒకటి చేయాలని నోటీసు పెట్టారు.

పోయినేడాది ఏం జరిగిందో చెప్తాను. వేదిక మీద ఒక స్వామీజీ, ఒక మౌలానా, ఒక ఫాదర్. ముగ్గురూ "అన్ని మతాల సారం ఒక్కటే" అన్నారు. జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పించుకున్నారు, భోజనం చేసి వెళ్ళిపోయారు. స్టూడెంట్లం బొకేలు అందించాం, మైకు సరిచేశాం, వందన సమర్పణ చదివాం. కింద కూర్చున్నవాళ్ళంతా ఫోన్లు చూసుకున్నారు.

ఈసారి కమిటీలో నా పేరు వేశారు. మళ్ళీ అదే తంతు నడిపించాలని లేదు. మతాల మధ్య సంభాషణ అంటే అసలేంటి? అందులో ఇరవయ్యేళ్ళవాళ్ళం చేయగలిగింది ఏమైనా ఉందా? మన విశాఖలో వేరే రకంగా చేసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఉపన్యాసాలు మాత్రం వద్దు ప్లీజ్, అవి మా దగ్గర బోలెడు స్టాకు.

ఉక్కునగరం_86 | 6.45

మన ఊరికి ఇదంతా అవసరమా గురూ? హార్బర్ మొగ దగ్గర నిలబడి చూడు. ఒక కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒక కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద మేరీమాత చర్చి. ఎన్నో తరాలుగా పక్కపక్కనే ఉన్నాయి. ఎవరి గంట వాళ్ళు కొట్టుకుంటున్నారు. లేని జబ్బుకి మందెందుకు?

నూర్_పాతపట్నం | 8.20

ఉక్కునగరం గారూ, ఆ మూడు కొండల ఫోటో టూరిజం వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ వేస్తారు. మేం ఆ కొండల కిందే పుట్టి పెరిగాం. దర్గాకి హిందువులు వస్తారు, ఫాతిహా చదివించుకుంటారు, పిల్లలకి తాయెత్తులు కట్టించుకుంటారు. మేరీమాత చర్చి ఉన్న రాస్ హిల్‌కి కొవ్వొత్తులు పట్టుకుని అన్ని మతాలవాళ్ళూ ఎక్కుతారు. అంతా నిజమే. ఎక్కి దిగినవాళ్ళు ఒకరితో ఒకరు ఏమైనా మాట్లాడుకుంటారా అంటే, లేదు. ఎవరి మొక్కు వాళ్ళది.

నేను ఉద్యోగంలో చేరాక ఎంవీపీ కాలనీ వైపు రూమ్ వెతికాను. ఫోన్లో అంతా మాట్లాడుకున్నాక పేరు అడిగారు. చెప్పగానే "ఇందాకే వేరేవాళ్ళకి ఇచ్చేశామమ్మా". ఒక్క ఇల్లు కాదు. అందులో ఎవరో ఒకరు మా దర్గాకి మొక్కుకున్నవాళ్ళే అయి ఉంటారు! గొడవలు లేవు కాబట్టి అంతా బాగుందనుకుంటే ఇలాంటివి ఎవరి లెక్కలోకీ రావు.

ఉక్కునగరం_86 | 8.31

అది తప్పే. కాదనను. కానీ దానికి సర్వమత సభ పెడితే ఓనర్ల బుద్ధి మారిపోతుందా?

లెక్కల_మాష్టారు | 9.50

బాబూ పెందుర్తీ, ఉపన్యాసం వద్దన్నావు గానీ రిటైరైన మాష్టారి చేతికి సుద్దముక్క దొరికితే ఊరుకుంటాడా? కాస్త ఓపిక పట్టు.

ఈ సభలు పెద్దవాళ్ళ వ్యవహారం అని ఎవరు చెప్పారు నీకు? 1893 సెప్టెంబరు 11న చికాగోలో విశ్వమత మహాసభ మొదలైన రోజు వివేకానందుడికి ముప్పయ్యేళ్ళు. జైనుల తరఫున వెళ్ళిన వీర్‌చంద్ గాంధీకి ఇరవై తొమ్మిది. సింహళం నుంచి బౌద్ధుల తరఫున వెళ్ళిన అనగారిక ధర్మపాలుడికీ ముప్పై నిండలేదు. మన వైపు నుంచి వెళ్ళి గుర్తుండిపోయేలా మాట్లాడినవాళ్ళలో ఈ ముగ్గురూ కుర్రాళ్ళే. తర్వాత్తర్వాత ఆ కుర్చీలు తలలు నెరిసిన మా బ్యాచ్‌కి ఎలా వచ్చాయో నాకూ తెలీదు.

రెండో సంగతి. కేథలిక్కులు 1965లో రెండో వాటికన్ మహాసభలో ఇతర మతాల పట్ల తమ వైఖరి మీద ఒక ప్రకటన చేశారు. ఆ దారిలోనే 1991లో వచ్చిన ఒక పత్రం సంభాషణని నాలుగు రకాలుగా విడగొట్టింది. ఇరుగుపొరుగుగా బతుకుతూ కష్టసుఖాలు పంచుకోవడం ఒకటి. కలిసి ఒక పని చేయడం రెండోది. పండితులు సిద్ధాంతాలు చర్చించుకోవడం మూడోది. ప్రార్థన, ధ్యానం లాంటి అనుభవాలు పంచుకోవడం నాలుగోది. మీ కాలేజీ చేసింది మూడోదానికి నకలు, అదీ చర్చ తీసేసి శాలువాలు కలిపి. మీ వయసుకి నప్పేవి మొదటి రెండూ.

చికాగో సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొక్కటి. ఆ ఊళ్ళోనే ఈబూ పటేల్ అనే ముస్లిం యువకుడు 2002లో ఇంటర్‌ఫెయిత్ యూత్ కోర్ అని ఒక సంస్థ పెట్టాడు. ఇప్పుడు దాని పేరు ఇంటర్‌ఫెయిత్ అమెరికా. వాళ్ళ పద్ధతి తేలికైనదే. వేర్వేరు మతాల విద్యార్థులు కలిసి ఒక సేవ చేస్తారు. తర్వాత కూర్చుని, ఆ పని చేయమని నా మతంలో నాకు ఎవరు నేర్పారు, ఏ కథ నన్ను కదిలించింది అని ఎవరి సంగతి వాళ్ళు చెప్తారు. ఎదుటివాడి మతం మీద తీర్పులుండవు.

నాస్తికుడు_నర్సీపట్నం | 10.15

నాదో డౌటు. మతం లేనివాళ్ళకి ఈ బల్ల దగ్గర కుర్చీ ఉందా, లేక మేం కూడా బొకేలే అందించాలా? "సర్వమత" అనగానే మమ్మల్ని గేటు బయట పెట్టేస్తున్నారు. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా, సేవాగ్రామ్ వెళ్ళి గాంధీతో దేవుడు లేడని వాదించాడు. గాంధీ తలుపు వేసుకోలేదు, కూర్చుని విన్నాడు. ఇప్పటి కమిటీల్లో అంత ఓపిక ఉందా?

పెందుర్తి_కుర్రోడు | 10.22

ఉంది అన్నా. మా క్లాసులో నీలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, ఇంట్లో చెప్పరంతే. మాష్టారూ, చికాగో వయసులు నాకు నిజంగా తెలీవు. థాంక్యూ.

కవర్‌డ్రైవ్ | జనవరి 19, ఉదయం 7.30

కలిసి ఒక పని చేయడం అన్నారు కాబట్టి నా సబ్జెక్టులోకి వచ్చారు. ఎకనామిక్స్‌లో పీజీ చేస్తున్నా, సాయంత్రం క్రికెట్. ఈ రెండూ కలిసిన పరిశోధన ఒకటుంది.

మ్యాట్ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో క్రికెట్ లీగులు పెట్టించాడు. లాటరీ పద్ధతిలో కొందరిని వేర్వేరు కులాలు కలిసిన జట్లలో, కొందరిని ఒకే కులం జట్లలో వేశాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ళ మధ్య వేరే కులాల స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా తలపడినప్పుడు మాత్రం ఆ లాభం లేదు, కొన్ని విషయాల్లో ఉల్టా కూడా జరిగింది. అంటే వాళ్ళనీ వీళ్ళనీ ఒక గ్రౌండులోకి తెస్తే సరిపోదు, ఒకే వైపు ఆడించాలి. కాలేజీల్లో "ఫ్రెండ్లీ మ్యాచ్" అని మతం వారీగా టీములు కట్టేవాళ్ళకి ఇది చూపించాలి.

రెండోది ఇరాక్‌లో. ఐసిస్ తరిమేసిన క్రైస్తవులు ఆడే ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్ళని కలిపి సల్మా మూసా అనే పరిశోధకురాలు చూసింది. 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కలిసి ఆడినవాళ్ళు తర్వాత కూడా ముస్లింలతో ప్రాక్టీసుకి వెళ్ళారు, వచ్చే సీజన్‌లో కూడా కలిసిన జట్టే కావాలన్నారు. కానీ మైదానం దాటాక ఆ మార్పు పెద్దగా కనపడలేదు. ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లో రెస్టారెంటుకి వెళ్ళడానికి మాత్రం మునుపటంత జంకే. జట్టులో అన్వర్ మావాడే, వాళ్ళ పేటకి మాత్రం వెళ్ళను. ఇది చదివినప్పుడు నాకు మన ఊరే గుర్తొచ్చింది.

నూర్_పాతపట్నం | 8.05

ఆ చివరి ముక్క ప్రింటు తీసి గోడకి అతికించాలి.

ఉక్కునగరం_86 | 8.40

హుద్‌హుద్ తుఫాను అప్పుడు ఇదే చూశాం. 2014 అక్టోబరు 12. కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాలప్యాకెట్ దొరకదు. మా బ్లాకులో ఎవరింట్లో ఏది ఉంటే అది అందరిదీ. మా అమ్మ అంతకుముందు పేరు కూడా తెలియని మెహరున్నిసా ఆంటీ వంటింట్లో కూర్చుని పప్పు రుబ్బింది. కరెంటొచ్చాక ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు. ఇప్పుడు లిఫ్టులో కనపడితే నవ్వుకుంటారు, అంతే. నిన్న నేను రాసింది కొంచెం తొందరగా రాశాననిపిస్తోంది గానీ, సభ దండగ అన్న మాట మీద మాత్రం ఉన్నా.

సింహాద్రి_సేవకుడు | 11.10

అందరూ తియ్యగా మాట్లాడుతున్నారు. నేను చేదుది అడుగుతాను. నాకు ఏ మతం మీదా ద్వేషం లేదు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ చేస్తాను, ముప్పై రెండు కిలోమీటర్లు. దారి పొడుగునా నీళ్ళిచ్చేవాళ్ళ మతం నేనెప్పుడూ అడగలేదు.

నా ఇబ్బంది మతమార్పిడి. మా చిన్నాన్న కేన్సర్‌తో మంచాన ఉన్నప్పుడు ప్రార్థన చేస్తామని ఎవరో ఇంటికొచ్చారు. చేసుకోండి అన్నాం. రెండోసారి వచ్చి గూట్లో దేవుడి పటాలు తీసేయమన్నారు, మందులు కూడా మానేసి నమ్మకం ఉంచమన్నారు. ఆ సంగతి ఈ సంభాషణల్లో ఎత్తితే "మతతత్వవాది" అంటారు. రాజ్యాంగంలో 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకోమంది సరే. కానీ ప్రచారం చేసే హక్కంటే ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టే చెప్పింది, స్టెనిస్లాస్ కేసులో. దీని మీద మాట్లాడని సంభాషణ నాకెందుకు?

మోడరేటర్ | 1.25

పై పోస్టు తర్వాత వచ్చిన మూడు జవాబులు తీసేశాను. రెండు ఒక వైపు నుంచి, ఒకటి ఇంకో వైపు నుంచి. ప్రశ్న అడగొచ్చు, జవాబివ్వచ్చు. ఎవరి దేవుణ్ణీ, ఎవరి ఇంటి ఆడవాళ్ళనీ తిట్టే పని ఇక్కడ లేదు. ఇంకోసారి అయితే థ్రెడ్‌కి తాళం.

జ్యోతి_భీమిలి | 4.50

సేవకుడు గారూ, మా నాన్న పాస్టరు. అందుకని ఇది నాకు రావాల్సిన ప్రశ్నే.

మందులు మానేయమన్నవాళ్ళు చేసింది తప్పు, అందులో రెండో మాట లేదు. మా నాన్నకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, ప్రార్థన ముందు మాత్ర వేసుకుంటారు. పటాలు తీసేయమనడం కూడా తప్పే. మంచాన ఉన్న మనిషి దగ్గర బేరం పెట్టకూడదు. మీ చిన్నాన్న గారి విషయంలో మీ కోపం నాకు అర్థమవుతుంది.

ఇప్పుడు మా వైపు సంగతి వినండి. మా ముత్తాతని గుడి దరిదాపులకి రానివ్వని రోజుల్లో ఆయన కొడుకు చేతికి పలక ఇచ్చింది మిషన్ స్కూలు. బియ్యం బస్తాకి మతం మార్చుకున్నారని మమ్మల్ని ఎవరైనా అన్నప్పుడు మా నాన్నమ్మ మొహం చూడలేం. ఆవిడకి బైబిల్ చదవడం కోసమే అక్షరాలు వచ్చాయి.

చట్టం సంగతి కూడా మీరే ఎత్తారు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు. క్రైస్తవులని, ముస్లింలని కలపలేదు. మన రాష్ట్రంలో మాలాంటివాళ్ళు బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. చర్చికి వెళ్తే అంటరానితనం ఆగిపోతుందా? మా ఊళ్ళో మాకని వేరుగా పెట్టే టీ గ్లాసుకి నేను ఏ దేవుణ్ణి నమ్ముతానో తెలీదు. దీని మీద కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. అందుకే మావాళ్ళలో చాలామంది కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి. ఆ రెండు ముక్కల బతుకు గురించి కూడా మీ సంభాషణలో చోటుండాలి కదా.

సింహాద్రి_సేవకుడు | 6.15

టీ గ్లాసు మాట నాకు గుచ్చుకుంది. కమిషన్, ఉత్తర్వు మీద మీతో ఒప్పుకోను. మతం మారితే కులం ఉండదన్నది మీవాళ్ళు చెప్పే మాటే కదా, మరి కోటా ఎలా అడుగుతారు? కానీ ఇంత తిన్నగా జవాబిచ్చినవాళ్ళు నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

జ్యోతి_భీమిలి | 6.40

మావాళ్ళు చెప్పింది దేవుడి దృష్టిలో కులం ఉండదని. పక్కింటివాళ్ళ దృష్టిలో ఉండదని చెప్పలేదండీ. ఇది ఫోన్లో టైపు చేస్తే తెగేది కాదు. ఎదురుగా కూర్చుంటే రెండు గంటలు వాదిస్తాను.

లెక్కల_మాష్టారు | 7.30

ఇదీ సంభాషణంటే. చూశావా పెందుర్తీ, శాలువా లేదు, జ్యోతి మాత్రం ఉంది. (క్షమించమ్మా జ్యోతీ, పాత అలవాటు.)

ఒక్క మాట చేరుస్తాను. "అన్ని మతాల సారం ఒక్కటే" అనేది నాకెప్పుడూ మింగుడుపడదు. సారం ఒక్కటే అయితే ఇక మాట్లాడుకోవడానికేముంది? తేడాలున్నాయి కాబట్టే కూర్చోవాలి. పునర్జన్మ ఉందనేవాడూ లేదనేవాడూ ఇద్దరూ కరెక్టు కాలేరు. ఆ తేడా ఉంచుకునే ఒకే మెట్ల మీద ఎక్కి దిగాలి, ఒకే కుళాయి దగ్గర బిందె పెట్టాలి.

తొట్లకొండ_తోవ | 9.05

ఇక్కడ లేనివాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ... ఒకప్పుడు ఈ తీరమంతా బౌద్ధులదే. ఇప్పుడు ఆ కొండలు మనకి ప్రీవెడ్డింగ్ షూట్ స్పాట్లు.

మొన్న కనుమ వెళ్ళింది కదా. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ మీద కనుమ రోజు రాళ్ళు విసిరే ఆచారం ఉండేదని మీలో ఎంతమందికి తెలుసు? రాక్షసుడి బొజ్జ అనుకుని జనం కొట్టింది బౌద్ధుల కట్టడాన్ని. బౌద్ధ సంఘాలవాళ్ళూ, పాత కట్టడాల కోసం పనిచేసేవాళ్ళూ నచ్చజెప్తూ వచ్చారు. రాయి విసిరినవాడికి ఎవరి మీదా ద్వేషం లేదు. పండక్కి వాళ్ళ తాత విసిరాడని వీడూ విసిరాడు. పక్క మతం గురించి ఏమీ తెలియకపోతే ఏం జరుగుతుందో చూడాలంటే ఆ కొండ ఎక్కితే చాలు. కమిటీవాళ్ళు వేదిక ఖర్చుతో ఒక బస్సు మాట్లాడి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి.

పెందుర్తి_కుర్రోడు | 10.40

ఇవన్నీ చదివి మా హెచ్‌ఓడీ మేడంకి ఒక ప్లాన్ చెప్పాను. వేదిక ఉండదు. ఎనిమిదేసి మంది చొప్పున గుండ్రంగా కుర్చీలు. ప్రతి గుంపులో కనీసం మూడు రకాల ఇళ్ళవాళ్ళుండాలి, నాస్తికుడు అన్న కోసం "ఏ మతమూ లేదు" కూడా ఒక రకమే. నా మతం గురించి నేనే చెప్పాలి, ఎదుటివాళ్ళ మతం గురించి ప్రశ్న మాత్రమే అడగాలి. మేడం ఓకే అన్నారు, పెద్దల్ని పిలవకపోతే ఎలా అని మాత్రం టెన్షన్ పడుతున్నారు. పిలుస్తాం, వాళ్ళూ గుండ్రంలోనే కూర్చోవాలి అన్నాను.

దానికి ముందో పని కూడా కలిసి చేద్దామనుకుంటున్నాం. రక్తదానం అనుకున్నాం. డేటు ఎప్పుడు పెట్టాలి?

నూర్_పాతపట్నం | 10.55

శుక్రవారం మధ్యాహ్నం వద్దు, జుమా నమాజు. ఫిబ్రవరి రెండో సగం అసలు వద్దు. 18, 19 ప్రాంతంలో రంజాన్ మొదలు. పగలు రోజాతో రక్తం ఇస్తే కళ్ళు తిరుగుతాయి.

జ్యోతి_భీమిలి | 11.02

ఆదివారం పొద్దున్న మాకు ఆరాధన. 18నే కేథలిక్కులకి విభూది బుధవారం, అక్కణ్ణుంచి ఈస్టర్ దాకా ఉపవాసాలు.

సింహాద్రి_సేవకుడు | 11.10

15 శివరాత్రి. ముందు రోజూ తర్వాతి రోజూ మమ్మల్ని లెక్కేసుకోకండి, ఒకరోజు ఉపవాసం, జాగారం, మర్నాడు నిద్ర. మార్గశిరం అయితే గురువారాలు కూడా పోయేవి, కనకమహాలక్ష్మమ్మ దగ్గర క్యూలో ఉంటాం.

కవర్‌డ్రైవ్ | 11.14

శివరాత్రి, విభూది బుధవారం, రంజాన్ ఒకే వారంలో! ఊరు ఊరంతా పస్తులే. మీ వేదికల మీద ఎవరూ చెప్పని ఐకమత్యం ఇదే.

పెందుర్తి_కుర్రోడు | 11.20

అయితే ఫిబ్రవరి 7, శనివారం పొద్దున్న. మరి టిఫిన్ల సంగతి? పోయినేడాది గుడి నుంచి పులిహోర తెప్పించి ప్రసాదమని అందరికీ పంచారు. కొంతమంది తీసుకోలేదని తర్వాత కాలేజీ గ్రూపులో రచ్చ.

జ్యోతి_భీమిలి | 11.34

అది చెప్పాలి. మా సంఘంలో నైవేద్యం పెట్టినది తినరు, అలా అని పెట్టినవాళ్ళని తక్కువ చేసినట్టు కాదు. ఆ ప్రశ్న మా బైబిల్లోనే ఉంది, కొరింథు సంఘంలో ఇదే తగువైతే పౌలు ఉత్తరం రాశాడు. వద్దని నవ్వుతూ చెప్తే పొగరనుకుంటారు, తీసుకుని పక్కన పెడితే ఇంకా పాపం. క్రైస్తవులందరూ ఇలాగే ఉంటారని కూడా కాదు, మా పెదనాన్న వాళ్ళింట్లో తింటారు.

నూర్_పాతపట్నం | 11.40

మా ఇంట్లో కూడా తినరు. మేం పంపిన బక్రీద్ మాంసం మా పక్కింటివాళ్ళు తినరు, సేమియా మాత్రం అడిగి పెట్టించుకుంటారు. ఇరవయ్యేళ్ళుగా ఎవరూ ఏమీ అనుకోలేదు.

సింహాద్రి_సేవకుడు | 11.48

ప్రసాదం వద్దంటే నాకు కష్టంగానే ఉంటుంది, దాచను. ఎందుకు వద్దంటారో ఇవాళే తెలిసింది. హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించండి, ఏ దేవుడికీ చూపించకుండా.

నాస్తికుడు_నర్సీపట్నం | 11.50

నా ఓటు ఇడ్లీకి.

ఉక్కునగరం_86 | జనవరి 20, ఉదయం 6.55

రక్తం నేనూ ఇస్తా, నాది ఓ నెగెటివ్. సభ కాదు కాబట్టి వస్తున్నా. ఇంకో మాట, నూర్ గారూ. మా బ్లాకులో రెండో అంతస్తు ఖాళీ అవుతోంది. మేనత్తదే. పేరు విని ఆగిపోతే నేను మాట్లాడతాను. మీకు ఇంకా కావాలంటేనే.

నూర్_పాతపట్నం | 7.20

రూమ్ దొరికిందండీ, థాంక్స్. మా కజిన్ మార్చిలో వస్తోంది, తనకి అడుగుతాను. మీ అత్తయ్య గారికి పేరు ముందే చెప్పేయండి.

సింహాద్రి_సేవకుడు | 7.45

7న వస్తాను. మా గుంపులో జ్యోతి గారిని వేయండి. మతమార్పిడి సంగతి నేను వదలను.

జ్యోతి_భీమిలి | 8.10

వదలకండి. నేను 1950 ఉత్తర్వు కాపీ తెచ్చుకుంటాను, మీరు స్టెనిస్లాస్ తీర్పు పూర్తిగా చదువుకుని రండి. పెందుర్తీ, మా గుంపుకి టైము కాస్త ఎక్కువ ఇవ్వు.